నడుం మీద చెయ్యి

రెండేళ్ళుగా ఆ విశ్వవిద్యాలయంలో నాటకం, నాట్యం చదువుతున్నా, మిడత ఎవరినీ నవ్వించిందీ లేదు, ఏడిపించిందీ లేదు. పొడుగు కాళ్ళూ, ఎగిరితే గాల్లో ఒక్క క్షణం ఆగినట్టుండే గెంతూ చూసి తోటివాళ్ళు మొదటి నెలలోనే ఆ పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో మిగిలిపోయింది. నాట్యంలో ఆమెకు ఢోకా లేదు. చిక్కంతా నటనతోనే. "నీకు కాళ్ళున్నాయమ్మా, మొహమే లేదు" అని నటన మాస్టారు నిండు తరగతిలో అన్నప్పుడు, అందరితోబాటు తనూ నవ్వేసి, ఆ సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది.

అలాంటి మిడత రిహార్సల్ హాల్లో ఈ చివర్నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడిచేసరికి తరగతి తరగతంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

అదెలాగంటే, మాస్టారు 'పరిశీలన' అని ఒక పాఠం పెట్టారు. ఎవరో ఒక మనిషిని నెల రోజులు గమనించి, ఆ మనిషి నడకా, కూర్చునే తీరూ, చెయ్యి తిప్పే తీరూ ఒంట్లోకి దించుకుని తరగతికి తీసుకురావాలి. ఒకడు బస్సు కండక్టర్ని తెచ్చాడు. మిడత స్నేహితురాలు బుంగ, బుగ్గలు చూసి పెట్టిన పేరు అది, వాళ్ళ తాతయ్యని తెచ్చింది. మిడత పెట్టెలమ్మని తెచ్చింది.

పెట్టెలమ్మ ఆ శాఖలో వేషాల గది చూసుకునే ఆవిడ. కత్తిరించడం, కుట్టడం, చెమటకి తడిసిన బట్టలు ఆరబెట్టడం, మడతలు పెట్టి పెట్టెల్లో సర్దడం, అన్నీ ఆవిడే. అరవైకి దగ్గరపడింది. ఒక కాలు ఈడుస్తూ, ఒక చెయ్యి నడుం మీద నొక్కిపెట్టుకుని, రోజుకు పదిసార్లు రిహార్సల్ హాల్లోంచే వెళ్తుంది. వేషాల గదికి వేరే దారి లేదు. హాల్లో ఒక గోడంతా అద్దం. పిల్లలు అద్దం ముందు అడుగులు వేస్తుంటే ఆవిడ వాళ్ళ వెనకాల గోడవారగా ఈ తలుపులోంచి ఆ తలుపులోకి పోతుంది. మిడత చేసిందల్లా ఆ ఈడుపుని రెండింతలు చేసి, నడుం మీది చేతికి కాస్త మహారాణి ఠీవి కలపడం. కుంటే మనిషికి ఇంత టెక్కేమిటా అనిపించేసరికి నవ్వు దానంతటదే వచ్చింది.

మాస్టారు అక్కడికక్కడే పరీక్ష నాటకంలో ముసలి పనిమనిషి వేషం ఆమెకిచ్చేశారు. నటనలో డెబ్బై మార్కులు దాటితేనే వచ్చే ఏడాది నటన విభాగం. దాటకపోతే లైట్లూ తెరలూ చూసుకునే విభాగం. మిడతకి లైట్ల మీద కోపమేమీ లేదు, కానీ ఆమె వచ్చింది లైట్ల కింద నిలబడటానికి. శుక్రవారం పరీక్ష.

సోమవారం మధ్యాహ్నం రిహార్సల్లో నవ్వులు ఇంకా జోరుగా వచ్చాయి. చివరి నడకలో నడుం మీద చెయ్యి పెట్టుకుని, గడ్డం పైకెత్తి, ఓ పక్కకి ఒరిగి అద్దం వైపు తిరిగింది మిడత. అద్దంలో తనూ, నవ్వుతున్న పదిహేను మందీ, వాళ్ళ వెనకాల తలుపు దగ్గర పెట్టెలమ్మా కనిపించారు.

ఆవిడ మెడలో కొలత టేపు ఉంది. మణికట్టుకి గుండుసూదుల దిండు కట్టుకుని ఉంది. ప్రతి నాటకానికీ కుట్టే ముందు ఒక్క రిహార్సల్ చూడటం ఆవిడ అలవాటు. "నిలబెట్టి తీసే కొలత సగం కొలతే, నడిచేటప్పుడు చూస్తేగానీ ఎక్కడ చిరుగుతుందో తెలీదు" అంటుంది. నవ్వట్లేదు, మొహం ముడుచుకోనూ లేదు. మిడత కాళ్ళకేసే చూస్తోంది. చూసి, తలాడించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం చూసి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

మిడత ఒంట్లోని వేడంతా చెవుల్లోకి వచ్చింది.

"చూసేసిందే!" అంది బుంగ చెయ్యి పట్టుకుని.

"చూస్తే చూసిందిలే. ఎవరి నడక వాళ్ళకి తెలుస్తుందా ఏంటి? నీ నడక నీకు తెలుసా?"

ఆ మాట మిడతే అంది, తనకి తనే ధైర్యం చెప్పుకుంటున్నట్టు. బుంగ ఆలోచించి, "అవును, తెలీదు" అంది. ఇద్దరూ ఆ మాటని పట్టుకుని బయటపడ్డారు. అబద్ధమైనా ఆదుకుంటే చుట్టమే కదా.

మంగళవారం వేషం కొలత చూసుకోడానికి మిడత వంతు. వేషాల గది ఇరుకు. గోడల పొడవునా పెట్టెలు, వాటి మీద అట్టముక్కలు: 'రాజులు', 'బీదలు', 'పక్షులు', 'సైనికులు - చిరిగినవి'. కిటికీ కింద కుట్టుమిషను, పక్కన బల్ల మీద కత్తెర, సుద్దముక్క, పిడికెడు తాళాల గుత్తి. నేల మీద బూడిదరంగు పొడుగు గౌను పరిచి ఉంది.

"వేసుకో" అంది పెట్టెలమ్మ. అంతకుమించి ఏమీ అనలేదు. మిడత గుండె కాస్త కుదుటపడింది. తెలీదు, ఈవిడకి ఏమీ తెలీదు అనుకుంది.

గౌను వేసుకుని నిలువుటద్దం ముందు నిలబడింది. తుంటి దగ్గర లోపల కుట్టిన దూది దిండు చేత్తో తడిమింది. ఏదో తేడాగా ఉంది. ఆవిడ కింద కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు బిగబట్టుకుని, అంచు మడుస్తోంది.

"పెట్టెలమ్మా, దిండు తప్పు వైపు కుట్టారండీ. ఎడం వైపు కాదు, కుడి వైపుండాలి."

పెట్టెలమ్మ చేతులాగాయి. నోట్లో సూదులతో మాట్లాడటం కుదరదు గనక, ఒక్కొక్కటే తీసి మణికట్టు మీది దిండులో గుచ్చుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదో సూది గుచ్చాక తలెత్తింది.

"నాది ఎడమ కాలు తల్లీ."

మిడత తుంటి మీది దిండుని మళ్ళీ తడిమి చూసుకుంది.

"అద్దంలో చూసి నేర్చుకున్నావు" అంది పెట్టెలమ్మ. కోపం లేదు, గుండీ ఊడిందని చెప్పినట్టే చెప్పింది. "అద్దంలో ఎడమ కుడవుతుంది. ఏటా ఎవరో ఒకరు వచ్చి జేబు ఇటు కాదు అటు అంటారు, అద్దంలో చూసి. మీ నాట్యం వాళ్ళకి మరీ అలవాటు. నిన్న నువ్వు నడుస్తుంటే చూశాను. అన్నీ పట్టావు, కాలు మారిపోయింది. అప్పుడనుకున్నాను, ఈ పిల్ల నన్ను అద్దంలోనే చూసిందీ అని."

"నేను... అదీ..."

"రెండేళ్ళనుంచీ నీ వెనకనుంచే కదా పోతున్నాను. ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారే, ఒక్కసారి వెనక్కి తిరిగుంటే సరిపోయేది." మళ్ళీ సూదులు తీసి పెదాల మధ్య పెట్టుకోబోతూ ఆగింది. "కదలకు. గుచ్చుకుంటుంది."

మిడత కదల్లేదు. క్షమించమని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే చేసింది వెక్కిరింపేనని ఒప్పుకున్నట్టవుతుంది. అడక్కపోతే అది వెక్కిరింపని కూడా తెలియని మొద్దునవుతాను, అనుకుంది. ఆ రెంటి మధ్యా నిలబడి, తన పాదాల దగ్గర వంగిన నెరిసిన పాపిడిని చూస్తూ ఉండిపోయింది. లేచేటప్పుడు పెట్టెలమ్మ మిషను బల్ల పట్టుకుని, ముందు కుడి కాలు ఊని, ఆ తర్వాత ఎడమ కాలు లాక్కుంది. ఇంత స్పష్టంగా ఎడమ కాలు. చిన్నపిల్ల కూడా చెప్పగలదు.

ఆ సాయంత్రం మిడత ఇంటికి వెళ్ళేసరికి పిన్ని తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని, గోరువెచ్చని నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. మిడత చదువుకోసం పిన్నీ బాబాయిల దగ్గరే ఉంటోంది. పిన్ని రొట్టెల దుకాణంలో కౌంటరు దగ్గర రోజుకు తొమ్మిది గంటలు నిలబడుతుంది.

"రావే నటీమణీ! మీ బాబాయి చూడలేదంట, ఆ కుంటి మహారాణి నడక ఇంకోసారి చూపించు. పోయిన వారం నవ్వీ నవ్వీ నాకు పక్కలు పట్టేశాయి."

"ఇవాళ వద్దు పిన్నీ."

"ఏం, మద్దెల ఓడా? ఆడలేనివాళ్ళు అలాగే అంటారు." పిన్ని నీళ్ళలో వేళ్ళు కదుపుకుంటూ నవ్వింది. "సరేలే. రేప్పొద్దున నా నడక కూడా ఎత్తుకుపోయి చూపిస్తావేమో, ముందే చెప్పు, కాస్త సరిగ్గా నడుస్తాను."

బాబాయి లోపల్నుంచి పెద్దగా నవ్వాడు. మిడత తువ్వాలు తెచ్చి పిన్ని పక్కన పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. పిన్ని మడమలు ఎర్రగా వాచి ఉన్నాయి. ఇన్నాళ్ళూ అవి కనబడలేదంటే, కళ్ళు లేకనా?

బుధవారం పొద్దున్నే మాస్టారి గది ముందు నిలబడింది. మాస్టారు టీ తాగుతూ విన్నారు. పెట్టెలమ్మ చూసిందని, పోలిక కనిపెట్టిందని, అదీగాక కాలు కూడా తప్పని చెప్పింది. నడక మార్చుకుంటానంది.

"ఆవిడేమైనా తిట్టిందా?"

"లేదండీ."

"మరింకేం? చూడమ్మా, నటుడికి సిగ్గు పనికిరాదు. లోకమంతా మనకి ముడిసరుకు." ఆయన కప్పు కింద పెట్టారు. "పోతే, ఏ కాలైతే ఏంటి? నవ్వు కుడి కాలితో వస్తోంది. దాన్ని ముట్టుకోకు. రెండేళ్ళకి ఇప్పుడు నీకో మొహం వచ్చింది, దాన్ని నువ్వే చెడగొట్టుకుంటావా?"

మెట్లు దిగుతుంటే ఆమెకి ముందు తేలిగ్గా అనిపించింది. మాస్టారే వద్దన్నారు, ఇంక నా తప్పేముంది? నాలుగు మెట్లు దిగాక, అలా తేలికపడినందుకు చచ్చేంత సిగ్గేసింది.

గురువారం నాట్యం తరగతి. ఎనిమిది లెక్కల అడుగు. డప్పు లేదు, పాట లేదు, టీచరమ్మ చప్పట్లు మాత్రమే. ఆ టీచరమ్మకి చెవులెక్కువ. పరీక్షల వారంలో తుమ్మినా ఊరుకోదు, చెప్పులు బయటే వదిలేయాలి, చేతి గాజు చప్పుడైతే తీసి కిటికీలో పెట్టేస్తుంది. మూడో లెక్కలో ఉండగా తలుపు తెరుచుకుంది. పెట్టెలమ్మ. అద్దంలో కనబడింది.

మిడత అద్దంలోంచి కళ్ళు తీసి, లెక్క మధ్యలో, వెనక్కి తిరిగింది.

ఎడమ కాలు ఈడ్చడం కాదది. మడమ ముందు ఆనుతుంది, తుంటి దగ్గర ఒక్క రవ్వ ఆగుతుంది, నొప్పి దాటిపోయేదాకా ఆగినట్టు, ఆ తర్వాత బరువు పడుతుంది. కుడి భుజం ఎత్తు తగ్గకుండా చూసుకుంటుంది, చేతుల్లో బట్టల దొంతర ఒరగకుండా. దొంతరంతా ఒక్క కుడి చేతి మీదే. ఎడమ చెయ్యి మాత్రం నడుం మీద, గట్టిగా, వేళ్ళు ముడిచి. నొప్పి అక్కడిదాకా పాకుతుందేమో అనుకుంది మిడత. పెట్టెలమ్మ ఆమెని చూసింది. ఒక అర లెక్క ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు.

"మిడతా! అద్దం ముందుంది, వెనక కాదు!" అంది టీచరమ్మ.

ఆ రాత్రి పడుకునేలోపు గదిలో ఎడమ కాలితో యాభైసార్లు నడిచింది. నవ్వు రాలేదు. అద్దం మీద తువ్వాలు కప్పి మరీ నడిచింది. రేపు ఇలాగే నడుస్తాను, మార్కులు పోతే పోనీ అనుకుంది. అలా అనుకోగానే తన మీద తనకి కొంచెం గౌరవం కలిగింది. ఆ గౌరవం పరీక్ష దాకా బాగానే నిలబడింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి, రిహార్సల్ హాలు పక్కనే ఉన్న ప్రదర్శన హాలు నిండింది. ముందు వరసలో మాస్టారు, ఆయన పక్కన బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు, ఒళ్ళో కాగితాల అట్ట. రంగం పక్క తెర వెనకాల స్టూలు మీద పెట్టెలమ్మ, సూదీ దారమూ సిద్ధంగా. ప్రతి ప్రదర్శనకీ ఆవిడ చోటు అదే.

మొదటి నడక. మిడత గౌను ఎడమ వైపు దిండుతో, ఎడమ కాలితో, పళ్ళెం పట్టుకుని రంగం దాటింది. మడమ, ఆగడం, బరువు. హాలు నిశ్శబ్దంగా ఉంది. అది ఎలాంటి నిశ్శబ్దమో ఆమెకి తెలియలేదు. చూస్తున్నారా, విసుగేసిందా? ఎవరో గొంతు సవరించుకున్నారు. పరీక్షకురాలు రాస్తోంది, తల ఎత్తట్లేదు.

రెండో నడక. మళ్ళీ నిశ్శబ్దం. మిడత వీపు చెమర్చింది. ముందు వరసలో మాస్టారు మోకాలి మీద చెయ్యి పెట్టుకుని చూపుడువేలు కుడి వైపుకి ఊపారు. ఒకసారి. మళ్ళీ ఇంకోసారి. ఇంక ఒక్క నడకే మిగిలింది. లైట్ల విభాగం, తెరల తాళ్ళు, ఏళ్ళ తరబడి చీకట్లో నిలబడి వేరేవాళ్ళని చూడటం, అంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది.

మూడోసారి రంగం మీదికి వచ్చినప్పుడు ఆమె కుడి కాలు ఈడ్చింది.

తను ఈడ్చాననుకోలేదు, కాలే ఈడ్చింది. ఆ వెనకాలే చెయ్యి నడుం మీదికి వెళ్ళింది, గడ్డం లేచింది. ఎక్కడో ఒక నవ్వు పుట్టింది, అది వరసలు దాటుకుంటూ వచ్చి హాలంతా అందుకుంది. ఎడమ వైపు దిండూ కుడి వైపు కుంటూ కలిసి ఆమెను ఎటూ కాకుండా వంకర తిప్పేసరికి నవ్వు రెండింతలైంది. పరీక్షకురాలు తల ఎత్తి, నవ్వి, కాగితం మీద ఏదో గట్టిగా గీత గీసింది. చప్పట్లు. మిడత వంగి నమస్కారం పెట్టింది. ఆ వంగడంలోనే పక్క తెర వెనకాల స్టూలు కనబడింది.

పెట్టెలమ్మ ఆమెకేసి చూడట్లేదు. సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

లోపలికి వచ్చాక బుంగ ఆమె మీద పడి వాటేసుకుంది. "డెబ్బై ఏంటే, ఎనభై వేస్తుంది చూడు! మధ్యలో ఎందుకలా చప్పబడ్డావు? చివర్లో కొట్టేశావు గానీ!" మిడత నవ్వాననుకుంది. గౌను విప్పుతుంటే దిండు దగ్గర కుట్టు తెగి దూది బయటికొచ్చింది. కుట్టింది ఒక కాలికి, లాగింది ఇంకో కాలు. దూదిని వేళ్ళతో లోపలికి తోసింది. తోసినకొద్దీ బయటికొచ్చింది.

అప్పటికి రంగం మీద మూడో ఏడాది వాళ్ళ నాట్యం మొదలైంది. పాట లేని నాట్యం. పాదాల చప్పుడూ ఊపిరీ మాత్రమే వినిపించాలి. అవతలి పక్క తెర దగ్గర టీచరమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని, ఎవరు కదిలినా మింగేసేటట్టు చూస్తోంది.

పెట్టెలమ్మ వచ్చి, నాటకం వాళ్ళు విప్పి పడేసిన బట్టలన్నీ రెండు చేతుల్లోకి ఎత్తుకుంది. తడిసినవి అక్కడే ఉంచితే మచ్చలు పడతాయి. మిడత గౌను కూడా అందుకుని దొంతర పైన వేసుకుంది. చిరుగు చూసింది. వెనక తెర చాటున సన్నటి దారి, అది దాటితే రిహార్సల్ హాలు, ఆ తర్వాత వేషాల గది. ఆవిడ ఒక అడుగు వేసింది.

ఘల్లుమంది.

చిన్న చప్పుడే. కానీ ఆ నిశ్శబ్దంలో పళ్ళెం జారినట్టు వినబడింది. రంగం మీద ఒకమ్మాయి పాదం తడబడింది. టీచరమ్మ తల గిరుక్కున తిరిగింది. పెట్టెలమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. ఎడమ కాలు సగం గాల్లో, రెండు చేతులా బట్టలు. నడుముకి కట్టుకున్న టేపు ముక్కకి, ఇరవై పెట్టెల తాళాల గుత్తి ఊగుతోంది.

మిడత ఆ గుత్తిని చూసింది. ఎడమ నడుం మీద, సరిగ్గా చెయ్యి ఉండే చోట.

రోజుకు పదిసార్లు. వాళ్ళు లెక్క వేసుకుంటుంటే వెనకాల గోడవారగా, ఉన్న రెండు చేతుల్లో ఒకటి దీనికే ఇచ్చేసి, మోసే బరువంతా రెండో చేతి మీద వేసుకుని. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తాళాలు మోగలేదు. మోగలేదు గనకే ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

పెట్టెలమ్మ కళ్ళతో పిలిచింది. మిడత దగ్గరికి వెళ్ళింది.

"కాస్త ఆ తాళాలు పట్టుకో తల్లీ" అంది, ఊపిరంత గొంతుతో.

మిడత ఎడమ వైపు నిలబడి తాళాల గుత్తిని అరచేత్తో ఆవిడ నడుముకి అదిమి పట్టింది. ఇనుము వెచ్చగా ఉంది. ఇద్దరూ కదిలారు. తన పొడుగు కాళ్ళతో మామూలు అడుగు వేస్తే గుత్తి జారుతోంది. ఆవిడ ఆగినప్పుడు ఆగి, ఆవిడ బరువు వేసినప్పుడు వేస్తేనే చప్పుడు కాకుండా ఉంది. మడమ, ఆగడం, బరువు. తెర చాటు దాటారు. ఎవరూ లేని రిహార్సల్ హాల్లోకి వచ్చారు. ఇక్కడ తాళాలు మోగినా వినేవాళ్ళు లేరు. మిడత చెయ్యి తియ్యలేదు. అద్దం పక్కనుంచి పోతూ అటు చూడనూ లేదు.

వేషాల గది తలుపు ముందు ఆగారు.

"నేను... ఇవాళ ఎడమ కాలే చేద్దామనుకున్నానండీ" అంది మిడత. "మొదట్లో చేశాను కూడా."

"చూశాను" అంది పెట్టెలమ్మ. "రెండుసార్లు బానే నడిచావు."

మూడోదాని గురించి ఆవిడ ఏమీ అనలేదు. అంటే బావుండునని మిడత ఎదురుచూసింది. పెట్టెలమ్మ చేతుల్లో బట్టలు సర్దుకుని, తలుపుకేసి గడ్డం చూపించింది.

"తలుపు తియ్యి. పొడుగు తాళంచెవి. చేతులు నొప్పెడుతున్నాయి."